గిటారు కడుపులో తొమ్మిది పిక్కులు

సంక్రాంతికి కనిగిరి వెళ్లినప్పుడు మా పెదనాన్న గిటారుని అటక మీంచి దించాను. పదిహేనేళ్లుగా పాత దుప్పటి కప్పుకుని అక్కడే పడి ఉంది. కొత్త తీగలేసి ఒకసారి వాయించి చూద్దామని నా ఆశ. దుమ్ము దులుపుదామని పక్కకి వంచానో లేదో, లోపల గలగలమంది. "ఎలకలు చేరినట్టున్నాయి, బయటికి తీసకపోయి దులుపు నాయనా" అంది పెద్దమ్మ, చీపురు కోసం లేస్తూ.

ఎలకలు కాదు. గిటారు వాయించే ఎవరికైనా ఆ చప్పుడు తెలుసు. అది పిక్ చప్పుడు.

తెలియనివాళ్ల కోసం: పిక్ అంటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని తీగల్ని మీటే చిన్న ముక్క. మూడు మూలలుంటాయి, ఒక మూల కొంచెం కొనదేలి ఉంటుంది. షాపులో ఇరవై ముప్పై రూపాయలకి దొరుకుతుంది. ప్రపంచంలో ఇంత తేలిగ్గా పోయే వస్తువు ఇంకోటి లేదు. జీన్స్ జేబులోంచి పోతుంది, వాషింగ్ మెషీన్లో పోతుంది, ఒక్కోసారి వాయిస్తుండగానే వేళ్ల మధ్య నుంచి జారి గిటారు మధ్యలో ఉన్న గుండ్రటి రంధ్రంలోకి దూకేస్తుంది. అప్పుడు గిటారుని తలకిందులుగా నెత్తి మీదికెత్తి, మేళంలో డప్పు ఊపినట్టు ఊపాలి. చూసేవాళ్లకి నవ్వు, ఊపేవాడికి ఏడుపు.

వరండాలోకి తెచ్చి ఊపాను. ఒకటి పడింది. ఇంకా గలగలమంటోంది. ఇంకోటి. అట్టా ఊపుతూ ఊపుతూ లెక్కపెడితే తొమ్మిది.

ఒకటో రెండో అయితే పట్టించుకునేవాణ్ణి కాదు. తొమ్మిది పిక్కులు లోపల పడ్డాయంటే, తొమ్మిదిసార్లు ఆయన చేతిలోంచి జారాయి, తొమ్మిదిసార్లూ ఆయన తీసుకోలేదు.

మా పెదనాన్న ఆర్కెస్ట్రా మనిషి. పొదిలి, పామూరు, మార్కాపురం, గిద్దలూరు... ఈ చుట్టుపక్కల పెళ్లి ఎక్కడుంటే అక్కడికి వ్యానులో పోయి వాయించి తెల్లారేసరికి ఇంటికొచ్చేవాడు. కలకత్తాలో తయారయ్యే గివ్‌సన్ గిటారు ఆయనది. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఉన్నట్టుండి మానేశాడు. డబ్బుల కాడ గొడవైందంట అని ఇంట్లో అనుకునేవాళ్లం. ఆయన అవునని అన్లేదు, కాదని అన్లేదు. గిటారు అటకెక్కింది.

ఇక నా సంగతి. నేను ఇంజనీరింగ్ హాస్టల్లో గిటారు పట్టాను, ఉద్యోగం వచ్చాక పిక్కుల పిచ్చి పట్టింది. నాకు జిమ్ డన్‌లప్ కంపెనీ వాళ్ల జాజ్ త్రీ కావాలి. చిన్నగా, గట్టిగా, 1.38 మిల్లీమీటర్ల మందంతో, ఎర్ర నైలాన్‌తో ఉంటుంది. ఎరిక్ జాన్సన్ లాంటి మహామహులు వాడేది. అది తప్ప వేరేది వాడేవాళ్లని లోలోపల కొంచెం తక్కువగా చూసేవాణ్ణి. వాట్సాప్ గ్రూపులో ఫ్రెండ్స్‌తో దీని మీద రాత్రి రెండింటి దాకా కొట్టుకున్న రోజులున్నాయి. 'సన్న పిక్ పట్టేవాడు పాట వాయించడు, విసనకర్ర విసురుకుంటాడు' అనేది నా డైలాగు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పిక్కులు కాదు, లాగ్ ఫైల్

ఆ తొమ్మిదింటినీ వరండాలో పేపరు పరిచి వరసగా పేర్చాను. ఇంజనీరు బుద్ధి పోదు కదా, మా తమ్ముడి డిజిటల్ వెర్నియర్ తెచ్చి ఒక్కొక్కటీ కొలిచాను.

మొదటి రెండూ కొన్న పిక్కులే. గోధుమ రంగు మీద మచ్చలు, తాబేలు చిప్ప డిజైను. సన్నం, అర మిల్లీమీటరు. మూడోది అదే డిజైను, 0.72. నాలుగోది నల్ల నైలాన్ పిక్, 0.88. అక్కడిదాకా షాపు సరుకు. అయిదోది చూసి ఆగిపోయా. ఆడియో క్యాసెట్ పెట్టె మూతని కోసి చేసిన ముక్క. 1.2 మిల్లీమీటర్లు. అంచు పగిలిపోయింది. ఆరోది ఏటీఎం కార్డు ముక్క. ఏ బ్యాంకు కార్డయినా మందం 0.76 మిల్లీమీటర్లే ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం ఉంది, కొలిస్తే అచ్చంగా అంతే వచ్చింది. దాని రెండు వైపులా ఉప్పుకాగితంతో రుద్ది గరుకు చేశాడు. ఏడోది రెండు ఫోన్ రీచార్జి కార్డులు అతికించి, వేళ్లు పట్టే చోట రెండు పక్కలా సైకిల్ ట్యూబు ముక్కలు అంటించినది. ఎనిమిదోది పావలా బిళ్ల, ఖడ్గమృగం బొమ్మ ఉన్నది. తొమ్మిదోది కొబ్బరిచిప్ప ముక్క. దాదాపు మూడు మిల్లీమీటర్లు. పైన దెబ్బలకేసే ప్లాస్టరు చుట్టి ఉంది.

పాత సర్వర్ లాగ్ తెరిచి కింది నుంచి పైకి చదివితే సిస్టం ఎప్పుడు, ఎక్కడ మొరాయించడం మొదలెట్టిందో తెలిసిపోతుంది. నాకు ఆ పేపరు మీద అలాంటిదే కనిపించింది. క్యాసెట్లు, ఏటీఎం కార్డులు, స్క్రాచ్ కార్డులు. కాలం వాటి మీదే రాసుంది. ముందు మందం పెరిగింది. తర్వాత ఒకసారి సన్నం వైపు వచ్చింది. ఆ తర్వాత గరుకుదనం, రబ్బరు, ప్లాస్టరు. ఈ మనిషి మంచి సౌండ్ కోసం వెతకట్లేదు. పట్టు కోసం వెతుకుతున్నాడు.

సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చున్నప్పుడు పేపరుతో సహా తీసుకెళ్లి ముందు పెట్టాను. చానాసేపు చూశాడు. పావలా బిళ్ల తీసుకోబోయి, వేళ్లకి అందక, అరచేత్తో పేపరు అంచుదాకా జరిపి, రెండో అరచేతిలోకి దొర్లించుకున్నాడు. ఇన్నేళ్లుగా ఆయన చిల్లర అలాగే తీసుకుంటున్నాడు. నేను ఎప్పుడూ చూశాను, ఎప్పుడూ చూడలేదు.

"పామూరు కాడ పెళ్లిలో ఒకే పాటకి మూడుసార్లు జారింది అబ్బయా" అన్నాడు. "పాడే పిల్ల వెనక్కి తిరిగి చూసింది. ఇంక ఎందుకులే అనిపించింది. డబ్బులూ లేదు, గొడవా లేదు."

కనిగిరి వైపు వాళ్లకి ఫ్లోరిన్ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. నవ్వితే పళ్ల మీదే కనిపిస్తుంది. తాగేనీళ్లలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. మా వైపు చాలా బోర్లు ఆ గీత ఎప్పుడో దాటేశాయి. పళ్ల మీద గోధుమ చారలు మొదటి మెట్టే. ఏళ్ల తరబడి తాగితే అది ఎముకల్లోకి, కీళ్లలోకి దిగుతుంది. అలా పట్టేసిన కీళ్లు మళ్లీ మామూలుగా కావు. పెదనాన్నకి మోచెయ్యి పూర్తిగా చాపడం రాదు, వేళ్లు చివరిదాకా ముడవడం రాదు. ఫ్లోరిన్ ఎంత, వయసు ఎంత, విడదీసి చెప్పలేం అన్నాడంట డాక్టరు. ఇప్పుడు ఇంట్లో ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లే. ఆయన తాగాల్సినవి అప్పటికే తాగేశాడు. కృష్ణ నీళ్లు మా పడమటి ప్రకాశానికి తెస్తుందనే వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన జరిగింది. నేను పుట్టింది 1997లో. మా ఇద్దరిలో అదే నాకు అన్న.

అర మిల్లీమీటరులో ఏముంది?

ఇక్కడ కొంచెం మెకానిక్స్ చెప్పాలి, విసుక్కోకండి. ఇది తెలిశాకే నా జాజ్ త్రీ గర్వం దిగింది.

పిక్కుల ప్యాకెట్ మీద 0.60, 0.73, 0.88, 1.0 అని ఉంటుంది. చూస్తే అన్నీ ఒకటే అనిపిస్తాయి. 0.60కీ 0.73కీ మధ్య తేడా ఒకటి రెండు వెంట్రుకలంత. కానీ ఒకే పదార్థం, ఒకే ఆకారం అయితే పలకలాంటి వస్తువు వంగకుండా నిలబడే శక్తి మందానికి క్యూబ్ లెక్కన పెరుగుతుంది. మందం రెండింతలైతే గట్టిదనం ఎనిమిదింతలు. ఆ లెక్కన 0.60 నుంచి 0.73కి మారితే పిక్ దాదాపు 80 శాతం గట్టిపడుతుంది. 1.14కి వెళ్తే దాదాపు ఏడింతలు. అందుకే గిటారిస్టులు ఒక్క వెంట్రుక తేడాకి కూడా గింజుకుంటారు. అది చాదస్తం కాదు, చెయ్యి నిజంగానే ఆ తేడాని పట్టేస్తుంది.

సన్న పిక్ తీగని తాకగానే వంగుతుంది. సగం దెబ్బ పిక్కే మింగేస్తుంది. అందుకే పాటకి తోడుగా ఆరు తీగలూ గబగబా స్ట్రమ్ చేసేవాళ్లకి అది హాయి, గలగలమంటుంది. మందం పిక్ వంగదు. వేలు ఎంత తోస్తే తీగ అంత కదులుతుంది. ఒక్కో స్వరం విడివిడిగా, వేగంగా వాయించే సోలో వాళ్లకి అదే కావాలి. అయితే పిక్ వంగకపోతే తీగ ఎదురుతోపు మొత్తం వేళ్ల మీదే పడుతుంది. పట్టు గట్టిగా ఉండాలి. నా ఇరవై ఎనిమిదేళ్ల వేళ్లకి అదో లెక్క కాదు. ముడుచుకోని వేళ్లకి అదే పెద్ద లెక్క.

కానీ సన్న పిక్‌తో ఆయనకి ఇంకో చిక్కు. వేళ్లు ఒకదానికొకటి పూర్తిగా దగ్గరికి రావు. సన్న ముక్కని నొక్కిపట్టేంత దగ్గరికి రావు. చేతులు పట్టేసినవాళ్లకి లావు పిడి ఉన్న స్పూను ఇస్తారు చూడండి, అలా లావుది ఉంటేనే వేళ్లకి ఆనుతుంది. అంటే ఆయనకి కావాల్సిన పిక్ పట్టుకునే చోట లావుగా, తీగని తాకే చోట సన్నగా ఉండాలి.

ఈ మాట నాకు తట్టినప్పుడు పేపరు మీద ఏడో పిక్ వైపు చూశాను. రీచార్జి కార్డులు, రెండు వైపులా సైకిల్ ట్యూబు ముక్కలు. పట్టుకునే చోట లావు, కొన దగ్గర సన్నం. డిజైన్ అదే. దొరికిన పదార్థమే తప్పు. కార్డులు పొరలు విడిపోయి కొన నలిగిపోయింది. టెన్త్ ఫెయిలైన మా పెదనాన్న 2010కి కాస్త అటూ ఇటూ చేసిన ప్రోటోటైప్ అది. నేను బీటెక్ చదివి, వెర్నియర్ పట్టుకుని, ఓ పూటంతా ఆలోచించి అక్కడికే వచ్చాను.

తాబేలు నుంచి టోర్టెక్స్ దాకా

పదార్థం సంగతి వచ్చింది కాబట్టి ఒక చిన్న చరిత్ర. ఒకప్పుడు మంచి పిక్ అంటే హాక్స్‌బిల్ అనే సముద్రపు తాబేలు చిప్పతో చేసిందే. తీగ మీద జారే తీరు, మోగే తీరు దానికే సొంతం అనేవాళ్లు. ఆ తాబేళ్లు అంతరించే దశకొస్తే 1970లలో అంతర్జాతీయ వ్యాపారం మీద నిషేధం పడింది. మన దేశంలోనూ 1972 వన్యప్రాణి చట్టం కింద అది పూర్తి రక్షణ ఉన్న జంతువు. మన తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లీ వేరే జాతి, దాని జోలికీ పోకూడదనుకోండి.

అంతకు చాలా ముందే, 1922లో, న్యూయార్క్‌లో లుయిజీ డాండ్రియా అనే ఆయన సెల్యులాయిడ్ షీటు నుంచి పిక్కులు కోసి అమ్మడం మొదలుపెట్టాడు. ఇవాళ మనం పిక్ అనగానే గుర్తొచ్చే గుండ్రటి త్రికోణానికి ఆయన కేటలాగులో ఇచ్చిన 351 అనే నంబరే ఇప్పటికీ నిలిచింది. పెదనాన్న మొదటి మూడు పిక్కుల మీద తాబేలు మచ్చలు అందుకే. అసలు చిప్ప పోయింది, డిజైను మిగిలింది. సెల్యులాయిడ్‌లో కర్పూరం కలుస్తుంది. పాత పిక్ అంచుని ఉప్పుకాగితంతో గట్టిగా రుద్ది వాసన చూడండి, పూజ గది గుర్తొస్తుంది. కర్పూరంలాగే ఠక్కున అంటుకుంటుంది కూడా. 1928లో జాంగో రైన్‌హార్ట్ అనే గిటారిస్టు ఉంటున్న బండి తగలబడింది. వాళ్లావిడ అమ్మకానికి చేసిపెట్టిన సెల్యులాయిడ్ పూలకి నిప్పంటుకుంది. ఎడమ చేతి రెండు వేళ్లు ఎందుకూ కొరగాకుండా పోయాయి. మిగిలిన రెండు వేళ్లతోనే సోలోలు వాయించి ఆయన జాజ్ గిటారుకి దారి చూపించాడు.

1981లో డన్‌లప్ కంపెనీ టోర్టెక్స్ తెచ్చింది. పేరులోనే తాబేలుంది. పళ్లచక్రాలకి వాడే డెల్రిన్ ప్లాస్టిక్ అది. మందాన్ని బట్టి రంగు: 0.60 నారింజ, 0.73 పసుపు, 0.88 ఆకుపచ్చ, 1.0 నీలం. స్టేజీ మీద చీకట్లో కూడా ఏది ఏదో తెలిసిపోతుంది.

ఆ రాత్రి పెదనాన్నకి ఫోన్లో కొన్ని వీడియోలు చూపించాను. క్వీన్ బ్యాండ్ బ్రయాన్ మే జీవితమంతా పిక్ బదులు పాత ఇంగ్లాండు ఆరు పెన్నీల నాణెం వాడాడని చెబితే మంచం మీద లేచి కూర్చున్నాడు. "బిళ్లతోనా?" ఆ సిక్స్‌పెన్స్ వ్యాసం 19.4 మిల్లీమీటర్లు. మన పావలా 19. మా పెదనాన్న కనిగిరిలో కూర్చుని అర మిల్లీమీటరు తేడాతో బ్రయాన్ మే దాకా పోయాడన్నమాట. అయితే ఆ బ్రిటిష్ నాణెం కాస్త మెత్తటి లోహం, అంచుకి సన్నటి గాట్లుంటాయి, తీగ మీద అదో రకం గరగర వస్తుంది. మన పావలా స్టెయిన్‌లెస్ స్టీలు. "నాలుగు పాటలకే తీగ తెంపింది ముండ" అన్నాడు. 2011 జూన్ 30 తర్వాత పావలా చెల్లకుండా పోయింది. ఈ బిళ్ల మాత్రం అప్పటికే గిటారులో దాక్కున్నట్టుంది.

బ్లాక్ సబ్బాత్ టోనీ అయోమీ గురించి కూడా చెప్పాను. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో తీగలు నొక్కే చేతి రెండు వేళ్ల కొనలు తెగిపోతే, ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకుని వాయించాడు. పెదనాన్న విని, "ఆయనది నొక్కే చెయ్యి. నాది మీటే చెయ్యి" అన్నాడు. అంతే. ఓదార్పు కథలు ఆయనకి పడవు.

మీటడం అన్నాక మన దగ్గర చర్చ ఎప్పటి నుంచో ఉంది. బొబ్బిలి వీణైనా నూజివీడు వీణైనా గోరు పెంచుకుని మీటేవాళ్లు ఒక జట్టు, వేలికి తీగతో చేసిన మీటు తొడుక్కునేవాళ్లు ఇంకో జట్టు. సితారుకి మిజ్రాబ్ ఉంది. సరోద్ వాయించే ముక్కని జవా అంటారు, దాన్ని కొబ్బరిచిప్పతో చేస్తారు. ఈ సంగతి పెదనాన్నకి ఎక్కడో రేడియోలో వినబడి ఉంటుంది, అదే ఆయన తొమ్మిదో పిక్. ఇక పిక్‌తో కర్ణాటక సంగీతం అంటే మన పాలకొల్లు కుర్రాడే. 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్. పిక్‌తో కొడితే స్వరం టక్కున తెగుతుంది, గమకానికి అది సాగాలి. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టి, జంట తీగల స్థానంలో ఒంటి తీగలేసి ఆ చిక్కు విప్పాడు. ఒక్క మీటు మీద స్వరాన్ని అంత దూరం లాగడం విని ముసలి విద్వాంసులు కూడా తలలాడించారు. 2014లో, నలభై అయిదేళ్లకే వెళ్లిపోయాడు. ఆయన క్యాసెట్ పెదనాన్న దగ్గర ఉండేది. అయిదో పిక్ ఆ క్యాసెట్ పెట్టెదే అని తర్వాత తెలిసింది. "క్యాసెట్ పోయింది, పెట్టె ఉంచుకుని ఏం చేస్తా?" అన్నాడు.

మధ్యలో మా మార్కాపురం ఫ్రెండొకడు ఉచిత సలహా ఇచ్చాడు. వాళ్లది పలకల ఊరు కదా, పలక రాయితో పిక్ చేయమన్నాడు. చేసి చూశాం. పలక రాయి పొరలు పొరలుగా చీలుతుంది, అందుకే అది పలకైంది, అందుకే పిక్ కాలేకపోయింది. రెండు స్ట్రోకులకి కొన ఊడింది, గిటారు మీద బూడిద మిగిలింది.

వరండాలో ట్రయల్స్

బెంగళూరు వెళ్లాక రకరకాల పిక్కులు ఆర్డర్ పెట్టాను. శివరాత్రికి మళ్లీ ఊరెళ్లి టెస్టింగ్ మొదలెట్టాం.

ముందు నా జాజ్ త్రీ. ఆయన వేళ్ల మధ్య పెట్టగానే సబ్బుముక్కలా జారి కింద పడింది. "ఇది చీమలకి చేసినట్టుంది" అన్నాడు. నా అయిదేళ్ల వాదన ఒక్క సెకనులో పోయింది.

తర్వాత థంబ్ పిక్. ఉంగరంలా బొటనవేలికి తొడుక్కునేది. అసలు పట్టుకోవాల్సిన పనే లేదు, ఇదే జవాబు అని నేను చాలా నమ్మకంగా తెచ్చాను. కిందికి మీటినప్పుడు బాగుంది. పైకి రాగానే తీగకి తగులుకుంది. ఆయన వాయింపంతా కిందికీ పైకీ గబగబా పోయే స్ట్రమ్మింగే. నాలుగుసార్లు తగులుకున్నాక తీసి చేతిలో పెట్టేశాడు. "వేలికి తాళం ఏసినట్టుంది." వేళ్లతో ఒక్కో తీగా మీటేవాళ్లకి అది మంచిదే. పక్షవాతం వచ్చినవాళ్లకీ, చెయ్యి పట్టు తగ్గినవాళ్లకీ ముందు దాన్నే చూడమంటాను. మా పెదనాన్నకి మాత్రం అది వేరే వాయిద్యం.

పిక్ మానేసి బొటనవేలితో వాయించమని కూడా అన్నాను. వెస్ మాంట్‌గోమరీ అంతటివాడు వట్టి బొటనవేలితోనే జాజ్ వాయించాడు. పెదనాన్న వాయించి చూసి "మెత్తగా బానే ఉంది, పెళ్లిలో ఎవుడికి వినబడుద్ది?" అన్నాడు. పెళ్లి అన్నమాట ఆయన నోట వచ్చింది. నేను విననట్టు ఊరుకున్నా.

చివరికి పెద్ద త్రికోణం పిక్. టోర్టెక్స్‌లోనే ఉంది, మూడు వైపులూ సమానం, మామూలు దానికంటే బాగా వెడల్పు. బేస్ గిటారు వాళ్లు ఎక్కువ వాడతారు. పసుపు రంగు, 0.73. దాన్ని ఆయన రెండు వేళ్లతో కాకుండా మూడు వేళ్లతో పట్టాడు. జారింది, కానీ పడలేదు. తిరిగింది.

"ఆ ట్యూబు ముక్కలు అంటించరా" అన్నాడు.

పామూరు బస్టాండు దగ్గర పంక్చర్ షాపులో పాత ట్యూబు ముక్కా, సొల్యూషనూ తెచ్చా. అంటించేముందు ఇంకో పని చేశాం. చాలామంది గిటారిస్టులు చేసేదే ఇది, పిక్‌కి బొక్కలు పెట్టడం. వేలి చర్మం ఆ బొక్కలో కొంచెం దిగి పట్టు దొరుకుతుంది. మేకు కాల్చి పెట్టొచ్చు. వాసన ఘాటుగా ఉంటుంది, ఆరుబయటే చేయండి. సెల్యులాయిడ్ పిక్‌కి మాత్రం కాల్చిన మేకు దగ్గరికి కూడా తీసుకురావద్దు, పైన జాంగో కథ చదివారుగా. మేము రెండు బొక్కలు పెట్టి, వాటి చుట్టూ రెండు పక్కలా రబ్బరు అంటించి, ఒక రాత్రి ఆరనిచ్చాం. పట్టే చోట మూడు మిల్లీమీటర్లకి పైనే వచ్చింది. కొన మాత్రం 0.73.

మర్నాడు పొద్దున కాఫీ అయ్యాక గిటారు ఒళ్లో పెట్టుకున్నాడు. మోచెయ్యి పూర్తిగా రాదు కాబట్టి కొంచెం ఏటవాలుగా. ఎడమ చేతి వేళ్లు కూడా బిగుసుకున్నాయి, కొన్ని కార్డులు అందలేదు. అందినవాటితోనే ఇళయరాజా పాటొకటి మొదలెట్టాడు. మొదటి రెండు లైన్లూ తాళం తప్పింది. తర్వాత కుదిరింది. పెద్దమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది, చేతిలో గరిటె అట్టాగే ఉంది. పాట అయ్యేదాకా పిక్ జారలేదు.

రెండో పాట సగంలో జారింది. తీగల మధ్య నుంచి తిన్నగా రంధ్రంలోకి పోయి లోపల చప్పుడు చేసింది. నేను గిటారు అందుకోబోయాను, ఊపి తీద్దామని.

"పదోది" అన్నాడు పెదనాన్న నవ్వుతూ. "అది ఉండనీలే. ఇంకోటి అంటించావుగా, అది ఇటియ్యి."